వఫ్రాలో ఏప్రిల్ కత్తిరింపు

కువైట్‌లో నేను పద్నాలుగేళ్ళు పనిచేశాను. అందులో పది నెలలు ద్రాక్షతోటలో. ఈ మాట అనగానే, ఇప్పుడు గల్ఫ్‌కి ఫారాలు నింపుకుంటున్న మా వాడకట్టు కుర్రాళ్ళు ఫోన్లలోంచి తలెత్తి చూస్తారు. ఇసుకలో ద్రాక్షేమిటని ఒకడు నవ్వుతాడు. ద్రాక్ష పిండేది సారా కోసమే కదా, అక్కడ అది నేరం కదా అని ఇంకొకడు లా పాయింటు తీస్తాడు. సారా కాదు నాయనా. రసం పిండి, వెడల్పాటి గిన్నెల్లో కాచి, తేనెలా చిక్కబడ్డాక సీసాల్లోకి వంచే పాకం. ఖర్జూరంతో చేసిన పాకం అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ద్రాక్షతో చేసి చూపించాలని ఒక కుటుంబం పంతం పట్టింది. ఆ తోట నా వల్ల పోయింది. తోటతో పాటు ఒక మనిషి కూడా పోయాడు, బతికి ఉండగానే. మీలో ఎవరైనా పనిలో నాకన్నా నాలుగాకులు ఎక్కువే చదివామని అనుకుంటుంటే, ఇది మీకోసమే రాస్తున్నాను.

నాది హైదరాబాదు పక్క ఊరు. అప్పట్లో మా చుట్టుపక్కలంతా ద్రాక్ష పందిళ్ళే. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బడి అయ్యాక మా అబ్బాజాన్ వెంట తోటల్లో కత్తిరింపు. చేతిలో సికేచర్, అదే కొమ్మలు కోసే కత్తెర, ఉంటే నాకు అన్నం అక్కర్లేదు. ఏ చిగురుకన్ను మీద కోయాలో, ఏ కన్ను వదలాలో తీగను తాకి చెప్పేవాణ్ణి. పెళ్ళి కాకముందే పది తోటలవాళ్ళు నా కోసం మనిషిని పంపేవాళ్ళు. అక్కడే నాకు కొమ్ములు మొలిచాయి.

మా దగ్గర తీగకు ఏడాదికి రెండు కత్తిరింపులు. అక్టోబరులో కోసేది కాయ కోసం. ఏప్రిల్‌లో కోసేది తీగ కోసం. ఏప్రిల్‌లో మొత్తం నరికి మోడు చేస్తాం. అప్పుడు ఒకటీ అరా పూత కనిపించినా దాని మీద జాలి పడకూడదు, తీసి పారేయాలి. అలా బోడి చేస్తేనే కొత్త రెమ్మ బలంగా వచ్చి అక్టోబరుకు పనికొస్తుంది. ఇది మాకు నమాజు వేళల్లాగా స్థిరమైన సంగతి. ప్రపంచంలో ఇంకోలా చేసేవాళ్ళు ఉంటారని నాకు తోచనే లేదు.

డెబ్బైల చివర్లో కువైట్ వెళ్ళాను. మొదట అమ్ఘరాలో పాత ఇనుము దగ్గర రెండేళ్ళు. అక్కడందరూ ఉర్దూవాళ్ళే కాబట్టి అరబ్బీ నాకు ఇఖామా, కఫీల్, యల్లా, ఖలాస్ లాంటి నాలుగు మాటల దగ్గరే ఆగిపోయింది. ద్రాక్ష తెలిసిన మనిషి కావాలని ఎవరో అంటే విని, ఇనుప తుక్కు వదిలేసి పరుగెత్తుకెళ్ళాను. దక్షిణాన పొలాలుండే వఫ్రా దాటి సముద్రం వైపు కొంత దూరం వెళితే వస్తుందా తోట. బస్సు లేదు. నీళ్ళ ట్యాంకరు ఎక్కి వెళ్ళాలి.

తోట యజమాని ముసలాయన. అందరూ బాబా అనేవాళ్ళు, నేనూ అలాగే అన్నాను. పడుచుతనంలో పడవల మీద బొంబాయికి సరుకు తోలినవాడు. అందుకని మాతో మాట్లాడేటప్పుడు సగం అరబ్బీ, సగం బొంబాయి హిందీ కలిపేవాడు. ఆయన భార్య ఇరాన్ తీరం మనిషి. వాళ్ళ అమ్మమ్మగారి కొండ ఊరి నుంచి తీగ ముక్కలు తడి గోనెలో చుట్టి తెప్పించుకుందట. చలిదేశపు తీగ అది. చలికాలంలో నిద్రపోతే గాని కాపు రాదు, ఎండ ముదిరితే గుత్తి నిలవదు. ఆ తీగ కోసం మొగుడూ పెళ్ళాం, ముగ్గురు కొడుకులూ కలిసి గాజు ఇల్లు కట్టించారు. లోపల చల్లగా ఉండటానికి ఒకవైపు గోడంతా తడి గడ్డి పలకలు, ఎదుటివైపు పెద్ద పెద్ద ఫ్యాన్లు. ఆవిడ ఒక్క గుత్తి కూడా చూడకుండానే పోయింది. ఆమె పోయాక కొడుకులకు ఆసక్తి పోయింది. నేను చేరేసరికి పెద్దకొడుకు తండ్రికి గడువు పెట్టేశాడు. ఈ ఒక్క ఏడాది పాకం గిన్నె పొయ్యి మీదకెక్కితే సరే, లేకపోతే తీగలు తీసి దోసకాయ వేస్తామన్నాడు. ముసలాయన ఒప్పుకున్నాడు. ఇంట్లో ఆయన మాటకు అప్పటికింకా అంత విలువుండేది. గడువు పెట్టినా ఆయన్ని అడిగే పెట్టారు.

తోటకు మేస్త్రీ ఇరానీ మనిషి. ఆ కొండల్లోనే పుట్టాడు. అరవై దగ్గర పడుతున్నవాడు, నాలుగు ముక్కల హిందీ వచ్చు, అవి కూడా వాడేవాడు కాదు. జనవరిలో తీగల కత్తిరింపు తనొక్కడే చేశాడు. నన్ను పుల్లలు ఏరమన్నాడు. ఒక కోత కోసి, వెనక్కి జరిగి, తల వంచి చూసి, మళ్ళీ ఒకటి కోసేవాడు. ఆ నత్తనడక చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. జనవరిలో కత్తిరింపేమిటని అడిగాను. మరి ఏప్రిల్‌లో ఎప్పుడు చేస్తామని అడిగాను. ఒక వేలు చూపించి, ఏడాదికి ఒక్కసారే అన్నాడు. ఈయనకు పని రాదని ఆ క్షణమే తేల్చేసుకున్నాను. పుల్లలు ఏరుతూనే తేల్చుకున్నాను, చూడండి.

మార్చిలో తీగలు చిగిర్చాయి. ఏప్రిల్ వచ్చేసరికి ప్రతి రెమ్మకూ గసగసాలు అంటించినట్టు పూత. మేస్త్రీ ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏప్రిల్ పూత ఉత్తదే, తీగ బలం తినేస్తుందని రోజూ లోలోపల గొణుక్కునేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే ఒక ఫ్యాను మోటారు కాలిపోయింది. దాన్ని ట్యాంకరు మీద వేసుకుని, వైండింగు చేయించుకొస్తానని మేస్త్రీ పట్నంలో రిపేరు షాపులుండే షువైఖ్ వెళ్ళాడు. రెండు రోజులు తోట నా మీద పెట్టాడు. మర్నాడు పొద్దున్నే ముసలాయన కారులో వచ్చాడు. గాజు ఇంట్లో వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్క పూతగుత్తి కింద అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. నేను వెనకాలే నడిచాను. చాలారోజుల నుంచి కడుపులో ఉన్న మాట అడిగేశాను. సికేచర్ పైకెత్తి చూపించి, బాబా, ఇదంతా కోసెయ్యాలా అని హిందీలోనే అడిగాను. ఆయన నా వైపు తిరగలేదు. చెయ్యి అలా ఊపి, "ఖల్లీ, ఖల్లీ" అన్నాడు. కారెక్కి వెళ్ళిపోయాడు.

నాకు వినిపించింది ఖాలీ. ఉర్దూలో ఖాలీ, తెలుగులో ఖాళీ. బొంబాయి హిందీ మనిషి, చెయ్యి ఊపి మరీ చెప్పాడు, ఖాళీ చేసెయ్యమని. ఇన్నాళ్ళకు పని తెలిసిన మనిషి ఒకడు దొరికాడని నా గుండె పొంగిపోయింది. నాతో ఉన్న ఇద్దరు కూలీలు మేస్త్రీ వచ్చేదాకా ఆగుదామన్నారు. యజమాని నోటితో చెప్పాక మేస్త్రీ ఎవరని కసిరాను. ఆ రోజు నా చెయ్యి ఎంత చురుగ్గా నడిచిందో ఇప్పటికీ గుర్తే. సాయంత్రానికి పన్నెండు వరసలూ బోడి చేసి, కోసిన రెమ్మలన్నీ తలుపు దగ్గర కుప్ప పోయించి, సికేచర్ కడిగి నూనె రాసి పెట్టాను. అంత శుభ్రమైన పని నా జన్మలో చెయ్యలేదు.

మర్నాడు మేస్త్రీ మోటారు భుజాన మోసుకుంటూ లోపలికొచ్చాడు. కుప్ప చూశాడు. మోటారు కింద పెట్టి, కుప్ప ముందు కూర్చుని, వాడిన రెమ్మల్లోంచి పూతగుత్తులు ఒక్కొక్కటీ తీసి ఒళ్ళో వేసుకోవడం మొదలుపెట్టాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అని ఉండేవాణ్ణి. ఆయన అలా ఏరుతూనే ఉంటే నాకు మొదటిసారి భయం వేసింది. ఆ తీగకు కాయ వచ్చేది ఆ ఏప్రిల్ పూతకేనని, మళ్ళీ పూత రావాలంటే మళ్ళీ ఒక చలికాలం నిద్రపోవాలని, ఆయన వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి చూపించాడు. అప్పుడు అర్థమైంది నాకు. పని రానిది ఎవరికో అప్పుడు అర్థమైంది.

కబురు అంది సాయంత్రం పెద్దకొడుకు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎవరు చెప్పారని అడిగాడు. నేను చెప్పింది ఇది: "బాబా ఖాలీ కరో బోలే." ఖాళీ చెయ్యమని బాబా చెప్పారు. ఆ 'కరో' ముసలాయన అనలేదు. నేను అబద్ధం ఆడాలని కలపలేదు, విన్నది నా తలలో అలా పూర్తి అయిపోయిందంతే. కానీ నా నోట్లోంచి బయటికొచ్చేసరికి అది చక్కటి హిందీ వాక్యమైపోయింది, అనుమానానికి చోటే లేకుండా.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. అలా అనలేదన్నాడు. కొడుకు కోప్పడలేదు. చాలా మెత్తగా మాట్లాడాడు, అదే చూడలేకపోయాను. పోయిన నెల మనవణ్ణి వేరే పేరుతో పిలిచావు, కారు తాళాలు మసీదులో మరిచిపోయావు, నీకు వయసైంది బాబా అని మా అందరి ముందూ, మాకూ అర్థమయ్యేలా హిందీ కలిపి, పసివాడికి చెప్పినట్టు చెప్పాడు. మేస్త్రీ నేల చూస్తున్నాడు. ముసలాయన కొడుకును వదిలేసి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"వల్లా?" అని అడిగాడు. దేవుడి మీద ఒట్టేనా అని.

"వల్లా, బాబా" అన్నాను.

మనస్ఫూర్తిగా అన్నాను. ఆయన నా ముఖం కొంతసేపు చూశాడు. నమాజు చేసేవాడు ఒట్టు వేశాక ఆయన తన జ్ఞాపకాన్ని పక్కన పెట్టేశాడు. వెళ్ళి కారులో కూర్చున్నాడు.

వారం తిరక్కుండా ఫ్యాన్లు ఆపేశారు. తీగలు మళ్ళీ చిగిర్చాయి పాపం, ఆ చిగురు మే ఎండకు అప్పడంలా మాడిపోయింది. జూన్‌లో వేళ్ళతో సహా పెరికేశారు. మేస్త్రీని వాళ్ళ దేశం పంపేశారు. అప్పుడక్కడ యుద్ధం నడుస్తోంది. పోయేరోజు ఆయన నాకు చెయ్యి ఇచ్చాడు, నేను పట్టుకున్నాను. ఆ తరవాత ఆయన ఏమయ్యాడో నాకు తెలీదు. నన్ను మాత్రం, చెప్పిన మాట వినే మనిషినని మెచ్చుకుని, జాబ్రియాలో వాళ్ళ ఇంటికి మార్చారు. మొక్కలకు నీళ్ళు పెట్టడం, వాకిలి కడగడం నా పని.

ఆ ఇంట్లో వంటపని చేసేది గోదావరి జిల్లా ఆవిడ. వయసులో నాకన్నా పెద్దది. ఆదివారం ప్రార్థనకు పంపరని శుక్రవారం వెళ్ళొచ్చేది. నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ తమ్ముడూ అని రోజూ కాస్త కూర దాచి పెట్టేది. ముసలాయన సంగతి ఆవిడే చెప్పింది.

"ఇదివరకు ఏ చేప తేవాలో కూడా బాబానే అడిగేవారు తమ్ముడూ. ఇప్పుడాయన టీలో పంచదారెంతో కూడా పెద్దబ్బాయిగారే చెప్తున్నారు నాకు. ఆయన నోరెత్తట్లేదు. ఏదన్నా అంటే తప్పు అనేస్తానేమోనని ఆయనకే భయం."

వింటూ తల ఊపాను. నిజంగానే మతిమరుపు వచ్చిందని జాలిపడ్డాను కూడా. సిగ్గు లేకుండా జాలిపడ్డాను.

ఒకరోజు వంటింటి వెనక గచ్చు కడుగుతున్నాను. అరుగు మీద పెద్ద గిన్నెలో శనగలు నానుతున్నాయి. గిన్నె జరపాలా అని ఇంటావిడ వైపు, అంటే పెద్దకొడుకు భార్య వైపు, సైగ చేశాను; అమ్మగారిని అక్కడ పనివాళ్ళు మామా అంటారు. ఆవిడ లోపల్నుంచే "ఖల్లీ" అంది. నేను గిన్నె ఎత్తి, శనగలు తూములోకి వంచబోయాను. అక్క పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"పారబోస్తావేంటయ్యా? మామా ఉండనీమంటే."

"ఖాళీ చెయ్యమన్నది గదా అక్కా."

"ఖాళీ కాదు తమ్ముడూ, ఖల్లీ. అలాగే ఉండనీ, దాని జోలికి పోకు అని. రోజుకి వందసార్లంటారు, నీకింకా తెలీదా?"

గిన్నె అరుగు మీద పెట్టి అక్కడే తడిలో కూలబడ్డాను. ఒక దీర్ఘం, ఒక ఒత్తు. బడిలో అవి తప్పు రాస్తే మా తెలుగు సారు అరచేతి మీద బెత్తంతో ఒక్కటిచ్చేవాడు, అంతటితో అయిపోయేది. ఇక్కడ పన్నెండు వరసలు పోయాయి. ఒక మనిషి యుద్ధంలోకి వెళ్ళిపోయాడు. ఇంకో మనిషి తన మతి పోయిందని నమ్ముకుని, పక్కగదిలో నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు. పూతను చూసి మురిసిపోతూ, దాన్ని ముట్టుకోవద్దని చెప్పాడు ఆయన. నేను దేవుడి మీద ఒట్టు వేసి దాన్ని తిరగేశాను.

అక్కకు అంతా చెప్పాను.  వెంటనే వెళ్ళి చెప్పెయ్యి, ఉద్యోగం పోతే పోనీ అంది. ఉద్యోగం పోతుందని నాకు భయమే, కాదనను. అంతకన్నా పెద్ద భయం ఒట్టుది. ఆ ముఖం ముందు నిలబడి, నేను వేసిన ఒట్టు అబద్ధమని ఎలా చెప్పడం? ఇవాళ రేపు అంటూ ఇరవై రోజులు గడిపాను. నా బతుకులో నేను బాగా తలుచుకుని సిగ్గుపడేది కత్తిరింపు గురించి కాదు, ఆ ఇరవై రోజుల గురించి. ప్రతి పొద్దునా ఆయన గది కిటికీ కింద మొక్కలకు నీళ్ళు పెడుతూనే ఉన్నాను.

చివరికొక శుక్రవారం కొడుకులందరూ బయటికి వెళ్ళినప్పుడు, మగవాళ్ళు కూర్చునే ముందుగది దివానియాలోకి వెళ్ళాను. అంత పెద్ద గదిలో ఆయనొక్కడే ఉన్నాడు. కూర్చోమన్నాడు. నేను కింద కూర్చున్నాను. హిందీలో మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. మీరన్నది ఖల్లీ, నేను విన్నది ఖాలీ, కరో అన్న మాట నాది, మీ మతి పోలేదు బాబా, పోయింది నా మతి అన్నాను. 

ఆయన అంతా విన్నాడు. విని, నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నువ్వు మంచివాడివి. ముసలివాణ్ణి ఓదార్చడానికి ఇంత కథ అల్లుకొచ్చావు."

కాదన్నాను. ఒట్టు వెయ్యబోయాను, ఏ నోటితో వెయ్యను? ఆయనే మొదలుపెట్టాడు. ఆ పొద్దున తనకు బాగా గుర్తుందట. నా చేతిలో సికేచర్ ఉందట, తను రెండో వరస దగ్గర ఆగి నా వైపు తిరిగాడట, నాకు అరబ్బీ రాదు కదా అని కావాలనే హిందీలో చెప్పాడట. "ఖాలీ కరో, అన్నాను" అన్నాడు. ఆ 'కరో' సరిగ్గా నేను అన్నట్టే అన్నాడు. ఆయన నా వైపు తిరగనే లేదని నాకు తెలుసు.

మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. చెబుతున్న కొద్దీ ఆయన ముఖం నెమ్మదిగా మారిపోయింది.  అది చూసి నేను ఆగిపోయాను.

"ఇంత బాగా గుర్తున్నది కూడా నిజం కాదంటావా? అయితే ఇక నా తలలో ఏముంది?" అని అడిగాడు.

 కొడుకు ఆయన దగ్గర్నుంచి అన్నీ తీసుకున్నాడు. తప్పు చేశానన్న ఆ ఒక్క జ్ఞాపకమే ఆయన చేతిలో మిగిలింది. దాన్ని పట్టుకుని నెలల తరబడి మనసు కుదుట పరుచుకున్నాడు. నేను ఆలస్యంగా పట్టుకొచ్చిన నిజం, ఆయనకు మిగిలిన ఆ కాస్తనూ లాక్కోవడానికే పనికొచ్చేలా ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు.

ఆ ఇరానీ మనిషి వెళ్ళిపోతుంటే ఎదురుపడే ముఖం లేక ఇంట్లోనే ఉండిపోయానన్నాడు. తన తప్పుకు అతని అన్నం పోయిందన్నాడు. నీ చేత కూడా ఆ పాపపు పని నేనే చేయించాను, అతన్ని అడగలేకపోయింది నిన్నయినా అడుగుతున్నానన్నాడు. వంగి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను మాఫ్ చెయ్యి."

తల అడ్డంగా ఊపుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఆయన చెయ్యి వదల్లేదు. నా నోటి వైపే చూస్తున్నాడు, ఆ మాట వస్తే గాని లేవనివ్వనన్నట్టు.

"మాఫ్ చేశాను బాబా" అన్నాను.

తోటలో వేసిన ఒట్టు అబద్ధమని తెలియక వేసింది. ఇది తెలిసి చెప్పాను.